హీరో సిగరెట్ ఎందుకు వెలిగించాడు? తొమ్మిదో తరగతిలో అడగదగిన ప్రశ్న

పరకాల వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలు అడిగారు: “తొమ్మిది, పది తరగతుల మగపిల్లలు సుద్దముక్కలు వేళ్ల మధ్య పెట్టుకుని హీరోల్లా పొగ వదులుతున్నట్టు నటిస్తున్నారు. ఫోన్లలో ఆ సీన్లే తిప్పి తిప్పి చూస్తున్నారు. ఆరోగ్యం గురించి చెప్పబోతే క్లాసంతా నవ్వుతోంది. క్యాన్సర్ బొమ్మలు చూపిస్తే రెండు రోజులు భయపడ్డారు, ఆ తర్వాత మామూలే. సినిమాలు చూడవద్దని చెప్పలేను, నేనూ చూస్తాను. ఏం చేయాలి?”

వరంగల్, హనుమకొండ, జనగామ, హుజూరాబాద్ ప్రాంతాల బడుల్లో, జూనియర్ కాలేజీల్లో పిల్లలతో కూర్చుని సినిమా సీన్లు విప్పి చూసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మేడమ్, ఆ నవ్వుకు నొచ్చుకోకండి. పొగ తాగితే ప్రమాదమని తెలియని పిల్లవాడు మీ క్లాసులో ఒక్కడూ ఉండడు. తెలిసిందే మళ్లీ చెబుతున్నారని నవ్వుతున్నారు. వాళ్లకు తెలియనిది ఒకటుంది. ఆ సీను తమ మీద ఎలా పనిచేస్తోందో తెలియదు. వెలుతురు ఎటు నుంచి పడింది, డ్రమ్స్ ఏ క్షణంలో మొదలయ్యాయి, కెమెరా హీరో కాళ్ల దగ్గరి నుంచి ఎందుకు లేచింది అని వాళ్లనెవరూ అడగలేదు. మీరు అడగండి. ఆరోగ్య పాఠాన్ని పక్కన పెట్టి సినిమా పాఠం చెప్పండి. సిగరెట్ సంగతి దానంతట అదే వస్తుంది.

“సినిమా చూసి ఎవరైనా తాగుతారా?” అని మీ స్టాఫ్ రూములో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. అమెరికాలోని డార్ట్‌మత్ పరిశోధకులు అప్పటిదాకా సిగరెట్ ముట్టని 10 నుంచి 14 ఏళ్ల పిల్లలను కొంతకాలం గమనించి, 2003లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. తెర మీద పొగతాగే దృశ్యాలు అందరికంటే ఎక్కువగా చూసిన పిల్లలు, అందరికంటే తక్కువ చూసినవారితో పోలిస్తే రెండున్నర రెట్లకు పైగా సిగరెట్ మొదలుపెట్టారు. అందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి. ఆ ప్రభావం పొగతాగని తల్లిదండ్రుల పిల్లల్లో మరింత బలంగా కనిపించింది. “మా ఇంట్లో ఎవరూ తాగరు, మావాడికి ఆ భయం లేదు” అని పేరెంట్స్ మీటింగులో అనే తండ్రికి ఈ సంగతి చెప్పాలి. ఇంట్లో దగ్గు, కంపు, గొడవ చూసి పెరిగిన పిల్లవాడికి సిగరెట్ రెండు ముఖాలూ తెలుసు. చూడనివాడికి సినిమా చూపించిన ముఖమే తెలుసు. ఈ వివరణ నా ఊహ, పరిశోధకులది కాదు.

ఆ తర్వాత 2012లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి (సర్జన్ జనరల్) నివేదిక, సినిమాల్లో పొగతాగే దృశ్యాలకూ పిల్లలు మొదలుపెట్టడానికీ ఉన్నది కార్యకారణ సంబంధమేనని తేల్చి చెప్పింది. అదే ఏడాది మన దేశంలో, ఢిల్లీలోని 12 పాఠశాలల పిల్లలు దాదాపు 4 వేల మందితో జరిపిన అధ్యయనం వెలువడింది. హిందీ సినిమాల్లో పొగాకు దృశ్యాలు బాగా చూసినవారిలో పొగాకును రుచి చూసినవారు రెండింతలకు పైగా ఉన్నారు.

అయినా పిల్లల దగ్గర ఈ లెక్కలతో మొదలుపెట్టవద్దు. సినిమా ఒక్కటే కారణమని అసలే అనవద్దు. తాత చుట్ట, చిన్నాన్న జేబులో ప్యాకెట్, పాన్‌డబ్బాలో విడిగా అమ్మే ఒక్క సిగరెట్, స్నేహితుడు విసిరే సవాలు, ఇవన్నీ వాళ్లకు తెలిసినవే. వాటిని వదిలేసి నెపమంతా సినిమా మీద వేస్తే, ఇష్టమైన హీరోను తిట్టడానికి వచ్చారనుకుంటారు. అక్కడితో క్లాసు మీ చేతిలోంచి జారిపోతుంది.

లెక్క చెప్పాల్సిందే అయితే ఒకటి చెప్పండి, అదీ ఆటలాగా. దేశంలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థులు వందమందిలో ఎందరు పొగాకు వాడుతున్నారని అడిగి, చీటీ మీద రాయమనండి. ముప్పై, నలభై, డెబ్బై అని రాస్తారు. 2019లో జరిగిన జాతీయ యువజన పొగాకు సర్వే ప్రకారం అది 8.5 శాతం, అదీ గుట్కా, ఖైనీ, బీడీ అన్నీ కలిపి. అంటే వందలో 91 మంది వాడటం లేదు. “అందరూ తాగుతారు కదా సార్” అనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందని అప్పుడు అడగండి. వెనక బెంచీ నుంచే సినిమా అనే జవాబు వస్తుంది. మీరు చెప్పనక్కరలేదు.

ఇక హెచ్చరికల విషయం. కేంద్ర ఆరోగ్య శాఖ 2011లో తెచ్చి 2012లో సవరించిన నిబంధనల ప్రకారం, పొగాకు కనిపించే సినిమా మొదట్లోనూ మధ్యలోనూ కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక వేయాలి. పొగతాగుతున్నంతసేపూ తెర అడుగున హెచ్చరిక వాక్యం ఉండాలి. బ్రాండు పేరు కనిపించకూడదు, పోస్టర్ల మీద సిగరెట్ ఉండకూడదు. 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకు కూడా ఇలాంటి నియమాలే వచ్చాయి. కాగితం మీద ఇదంతా బాగుంది. హాల్లో మాత్రం ఆ ప్రకటన పెళ్లి ఇంట్లో మైకు పాటలా అయిపోయింది. మోగుతూనే ఉంటుంది, ఎవరూ వినరు. ‘ఈ నగరానికి ఏమైంది’ అంటూ మొదలయ్యే ప్రకటనను ప్రేక్షకులే కోరస్‌గా చెప్పేవారు. చివరికి ఆ వాక్యమే 2018లో ఒక తెలుగు హాస్య చిత్రానికి పేరైంది. గుట్కా నమిలి నోటి క్యాన్సర్ వచ్చిన యువకుడి ప్రకటనను కూడా పిల్లలు గొంతు మార్చి అనుకరిస్తారు. అతను నటుడు కాదనీ, 2009లో 24 ఏళ్లకే నిజంగా చనిపోయాడనీ చాలామందికి తెలియదు. ఈ ఒక్క వాక్యం చెప్పి ముందుకు సాగండి, దాని మీద ఉపన్యాసం వద్దు.

అలాగని హెచ్చరికలు దండగ అని నేను అనను. 1999లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో, సినిమాకు ముందు పొగతాగడానికి వ్యతిరేకమైన ప్రకటన చూపిస్తే, ఆ తర్వాత వచ్చే పొగ దృశ్యాల ఆకర్షణ పిల్లల్లో తగ్గింది. మన దగ్గర చిక్కల్లా, అదే ప్రకటనను ఏళ్ల తరబడి తిప్పడం. దాని పదును అరిగిపోయింది.

అంతకంటే పెద్ద చిక్కు ఫోనులో ఉంది. మీ పిల్లలు ఆ సీనును హాల్లో ఒకసారి చూస్తే, ఫోనులో యాభైసార్లు చూస్తారు. హాల్లో ముందు ప్రకటన వచ్చింది, అడుగున వాక్యం ఉంది. అభిమానులు కత్తిరించి పెట్టిన ముక్కలో ముందు ప్రకటన ఉండదు. అడ్డంగా ఉన్న తెరను నిలువుగా కోసినప్పుడు అడుగున ఉన్న హెచ్చరిక సగం తెగిపోతుంది, మిగిలిన సగం మీదికి లైకులు, పేర్లు వచ్చి కూర్చుంటాయి. కథ కూడా పోతుంది. ఆ పాత్ర చివరికి ఓడిపోయిందా, చచ్చిపోయిందా అన్నది ఆ పదిహేను సెకన్లలో లేదు. మిగిలేది నడక, నిప్పు, పొగ, సంగీతం. పిల్లల చేతే ఒక సీనును పూర్తి సినిమాలోనూ రీల్‌లోనూ పక్కపక్కన పెట్టి, “ఏం పోయింది?” అని జాబితా రాయించండి. పది నిమిషాల పని. రెండు ఫోన్లు చాలు.

ఇప్పుడు అసలు క్లాసు. నిమిషం దాటని సీను ఒకటి ఎంచుకోండి. ప్రస్తుతం పిల్లలు కొలిచే హీరోది మొదటిసారే తేకండి, గొడవవుతుంది. పాత నలుపు తెలుపు సినిమాల్లోని ఏ విలన్‌తోనో మొదలుపెట్టి, పిల్లల చేయి తిరిగాక కొత్తవాటికి రండి. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను: పొగతాగే సీన్లన్నీ ఏర్చి వరుసగా అతికించి చూపించవద్దు. కొన్ని సంస్థలు అలా చేయడం చూశాను. మంచి ఉద్దేశంతో చేసినా, అది సిగరెట్‌కు ఉచిత ప్రకటన అవుతుంది.

సీనును మూడుసార్లు చూపించండి. మొదటిసారి శబ్దం తీసేయండి. హీరో ఏమేం చేశాడో క్రియాపదాల్లో రాయమనండి. నడిచాడు, ఆగాడు, అగ్గిపుల్ల గీశాడు, పొగ వదిలాడు, చూశాడు. అంతే వస్తుంది. అందులో సాహసం ఏదని అడిగితే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రెండోసారి తెర వైపు వీపు పెట్టి వినమనండి. అగ్గిపుల్ల గీసిన చప్పుడు ఎంత పెద్దగా ఉందో అప్పుడు వినిపిస్తుంది. నిజంగా అగ్గిపుల్ల గీస్తే చివరి బెంచీకి వినిపిస్తుందా? గీసి చూపించండి. అలాంటి చప్పుళ్లు చాలావరకు తర్వాత స్టూడియోలో కలిపినవి. మూడోసారి రెండూ కలిపి చూపించి, ఒంటి మీద వెంట్రుకలు లేచింది ఏ క్షణంలోనో చేయెత్తమనండి. దాదాపు అందరి చేతులూ డ్రమ్స్ మొదలైన చోటే లేస్తాయి.

ఆ మర్నాడు అగరుబత్తి తీసుకెళ్లండి. కిటికీలు మూసి, అగరుబత్తి వెలిగించి, ఫోను టార్చి ముందు నుంచి వేయండి. పొగ సరిగ్గా కనిపించదు. అదే టార్చిని పొగ వెనకకు తీసుకెళ్లి పిల్లల వైపు పట్టండి. గదిలో “ఓ...” అనే శబ్దం వస్తుంది. వెనక నుంచి వెలుతురు పడితే ఏ పొగైనా వెండి తీగలా కనిపిస్తుంది. కెమెరామన్లకు ఇది నిత్యం తెలిసిన విద్య. చాలా షూటింగుల్లో నటుడి చేతిలో ఉండేది పొగాకు లేని మూలికల సిగరెట్ అని కూడా అప్పుడే చెప్పండి. అందం వెలుతురుది, పేరు సిగరెట్‌ది.

ఇంకా సరదా కావాలంటే డస్టరు వాడండి. మధ్యాహ్నం ఎండ పడే కిటికీ ముందు, బక్కపలచని పిల్లవాడొకణ్ణి నిలబెట్టి, సుద్దపొడితో నిండిన డస్టరును గోడకు రెండుసార్లు కొట్టమనండి, కొట్టి మెల్లగా తల తిప్పమనండి. ఇంకొకరు ఫోనులో స్లో మోషన్‌లో కింద నుంచి తీయాలి. దానికి పిల్లలకు ఇష్టమైన నేపథ్య సంగీతం తగిలించండి. బోర్డు తుడిచే పిల్లవాడికి కూడా అదిరిపోయే ఎలివేషన్ వస్తుంది. క్లాసు పడీపడీ నవ్వుతుంది, ఈసారి మీతో కలిసి నవ్వుతుంది. ఆ వీడియో ఒక్కసారి తీసిన పిల్లలు ఆ తర్వాత ఏ ఎంట్రీ సీను చూసినా “లైటు వెనక నుంచి వేశారు సార్” అనడం మొదలుపెడతారు. మనం కోరుకున్నది అదే. సుద్దపొడి ఎక్కువ పీల్చకుండా కిటికీ తెరిచి ఉంచండి, ఆయాసం ఉన్న పిల్లలను దూరంగా కూర్చోబెట్టండి.

తర్వాత, దర్శకుడు ఆ సీనులో సిగరెట్ ఎందుకు పెట్టాడని చర్చించండి. “హీరో ఎందుకు తాగాడు” అని అడిగితే “టెన్షన్‌లో ఉన్నాడు” అంటారు. “దర్శకుడు ఎందుకు తాగించాడు” అని అడిగితేనే ఆలోచన కదులుతుంది. డైలాగుకు ముందు విరామం కావాలి. ఖాళీ చేతులతో నిలబడితే నటుడు ఇబ్బందిగా కనిపిస్తాడు, చేతికి పని కావాలి. ఇతను దేన్నీ లెక్కచేయడని రెండు సెకన్లలో చెప్పాలి. ఇంతకుముందు హిట్టయిన సినిమాలో అలాగే ఉంది. ఈ చివరి కారణమే ఎక్కువసార్లు నిజమని నా అనుమానం. సొంతంగా ఆలోచించే తీరిక లేనప్పుడు చేతికి తేలిగ్గా దొరికే వస్తువు సిగరెట్.

ఇక తెర మీద లేనివి. హీరో ఎప్పుడైనా పాన్‌డబ్బా దగ్గర నిలబడి చిల్లర లెక్కపెట్టాడా? నెలకు ఎంతవుతుందో చూసుకున్నాడా? పొద్దున లేచి దగ్గాడా? హీరోయిన్ “నోరు కంపు” అందా? పంటి మీద మరక, దుప్పటికి కాలిన చిల్లు, మెట్లెక్కుతుంటే ఆయాసం కనిపిస్తాయా? ఈ జాబితా రాయించేటప్పుడు అమ్మాయిలు అబ్బాయిలను దాటిపోతారు. ఇళ్లలో ఇవన్నీ చూసేది, ఊడ్చేది వాళ్లే.

సాంఘికశాస్త్రం కాబట్టి మీకు ఇంకొక అవకాశం ఉంది. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగితే 200 రూపాయల వరకు జరిమానా అనే నియమం 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. ఆస్పత్రి వరండాలో, పోలీస్ స్టేషన్లో, రైలు పెట్టెలో హీరో తాగిన సీన్లు గుర్తుచేసుకుని మొత్తం ఎంత జరిమానా కట్టాలో లెక్క వేయమనండి. పోటీ పడి వేస్తారు. తర్వాత రాజ్యాంగంలో భావ ప్రకటన స్వేచ్ఛ గురించి చెప్పే 19వ అధికరణానికి రండి. సినిమాల్లో పొగ దృశ్యాలను పూర్తిగా నిషేధిస్తూ కేంద్రం 2005లో నిబంధన తెచ్చింది. భావ ప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2009 జనవరిలో దాన్ని కొట్టేసింది. సగం క్లాసును ప్రభుత్వం తరఫున, సగం క్లాసును దర్శకుడి తరఫున వాదించమనండి. తీర్పు మీరు చెప్పకండి. నాకైతే నిషేధం మీద నమ్మకం లేదు. హెచ్చరికలూ వయసు ధ్రువీకరణా గట్టిగా ఉంటే చాలనుకుంటాను. కానీ నా అభిప్రాయం పిల్లలకు అనవసరం.

మన ప్రాంతంలో ఈ పాఠం చెప్పేటప్పుడు మిగతా చోట్ల అక్కరలేని ఒక జాగ్రత్త అవసరం, అది బీడీ. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల, నిర్మల్ వైపు బడుల్లో చాలామంది పిల్లల తల్లులు బీడీలు చుడతారు. ములుగు, భూపాలపల్లి అడవి గ్రామాల్లో ఎండాకాలం వస్తే కుటుంబమంతా బీడీ చుట్టడానికి వాడే తునికాకు సేకరణకు వెళ్తుంది, కల్లంలో ఆకు కట్టలు అప్పగిస్తే వచ్చే డబ్బుతోనే కొత్త పుస్తకాలు కొంటారు. బీడీ కార్మికులకు రాష్ట్ర ప్రభుత్వమే పింఛను ఇస్తోంది. అలాంటి క్లాసులో “పొగాకు పాపిష్టిది” అని మొదలుపెడితే, చాట ముందు కూర్చునే తన తల్లిని అన్నట్టే పిల్లకు వినిపిస్తుంది. ఆ పిల్ల ఇక నోరు తెరవదు. అందుకని తల్లి శ్రమను, తాగేవాడి అలవాటును, అమ్మేవాడి లాభాన్ని మొదటే వేరు చేసి మాట్లాడండి. వెయ్యి బీడీలకు అమ్మ చేతికి ఎంత వస్తుంది, అవే వెయ్యి బీడీలు కొట్లో ఎంతకు అమ్ముడవుతాయి అని ఇంట్లో అడిగి రమ్మనండి. తంబాకు దుమ్ము మధ్య రోజంతా కూర్చునే మనిషి ఆరోగ్యం గురించి వాళ్లే చెబుతారు. మీరు వినండి.

ఆ తర్వాత తెరకు రండి. 2016–17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతం. మరి సినిమాలో హీరో చేతిలో ఎక్కువగా ఏది కనిపిస్తుంది? బీడీ ఎవరి చేతిలో కనిపిస్తుంది? కూలీ, దొంగ, హాస్యగాడు, పల్లెటూరి పెద్దమనిషి. హీరో బీడీ పట్టుకున్నాడంటే అతణ్ణి “మాస్” అని చూపించాలనే ఉద్దేశం ఉంటుంది. చుట్ట ముసలివాళ్లకో జమీందారుకో వెళ్లిపోతుంది. వస్తువును చూసి మనిషి కులం, వర్గం, ఊరు ఊహించేలా సినిమా మనకు ఎలా అలవాటు చేసిందో ఇక్కడ దొరికినంత స్పష్టంగా వేరే చోట దొరకదు. జూనియర్ కాలేజీ పిల్లలైతే ఈ ఒక్క ప్రశ్న మీదే ఒక పూటంతా మాట్లాడతారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, తూచి చెప్పాలి. 1929లో న్యూయార్కులో ఈస్టర్ ఊరేగింపు జరిగినప్పుడు, ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు ఒక సిగరెట్ కంపెనీ కోసం పనిచేస్తూ, యువతులు వీధిలో సిగరెట్లు వెలిగించేలా ఏర్పాటు చేశాడు. వాటికి ‘స్వేచ్ఛా జ్యోతులు’ అని పేరు పెట్టి పత్రికల్లో వార్తగా వచ్చేలా చూశాడు. ప్రకటన వార్త వేషం వేసుకుంది. మీ క్లాసులోని ఆడపిల్లలకు ఇది తప్పక చెప్పండి. నేటి సినిమాల్లో అమ్మాయి చేతిలో సిగరెట్ పెట్టి “ఆధునికురాలు” అనో “చెడిపోయింది” అనో అనిపించే పద్ధతి వెనక ఏముందో వాళ్లే తవ్వుతారు. ఇక 1983లో ఒక ప్రసిద్ధ హాలీవుడ్ యాక్షన్ నటుడు తన అయిదు సినిమాల్లో ఒక కంపెనీ సిగరెట్లు వాడతానని, అందుకు 5 లక్షల డాలర్లు తీసుకుంటానని రాసిన ఉత్తరం తర్వాత బయటపడింది. 1998లో అక్కడి రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందంలో కంపెనీలు ఇలా డబ్బిచ్చి సినిమాల్లో పెట్టించడం మానుకోవాల్సి వచ్చింది.

ఇది విన్న వెంటనే పిల్లలు “మన హీరోకూ డబ్బిచ్చి ఉంటారా?” అంటారు. ఆధారం లేకుండా అవునని అనకండి. 2003 నాటి మన పొగాకు చట్టం ప్రత్యక్ష, పరోక్ష ప్రకటనలు రెండింటినీ నిషేధించింది. డబ్బు లేకుండా, కేవలం అలవాటుగా పెట్టినా సీను పనిచేసే తీరు అదేనని చెప్పండి. ఆధారం అడగడం నేర్పే పాఠంలో మనమే ఆధారం లేని మాట అనకూడదు. వాళ్లకు వేట కావాలంటే టీవీ చూపించండి. క్రికెట్ మ్యాచ్ మధ్యలో పెద్ద తారలు యాలకుల ప్యాకెట్ పట్టుకుని నడిచొస్తారు. ఆ పేరూ రంగులూ ఇంకెక్కడ చూశారని అడగండి. పాన్‌డబ్బాకు వేలాడే పాన్‌మసాలా ప్యాకెట్ల దండలు గుర్తుకు రాని పిల్లవాడు ఉండడు. యాలకులు అమ్ముకోవడానికి అంత పెద్ద తార ఎందుకన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

హీరోను మాత్రం ఎక్కడా కించపరచకండి. కటౌట్‌కు పాలాభిషేకం చేసే వయసు అది. సిగరెట్‌ను గాల్లోకి ఎగరేసి నోటితో పట్టుకునే శైలికి పేరుపడిన రజనీకాంతే తర్వాతి కాలంలో అభిమానులను పొగతాగవద్దని కోరారు. ఇలాంటివి ఉపయోగపడతాయి, హీరోను హీరోగానే ఉంచి మాట్లాడవచ్చు.

చివరి అభ్యాసంగా అదే సీనును సిగరెట్ లేకుండా తిరగరాయమనండి. పాత్ర అంతే గంభీరంగా ఉండాలి, విరామం అంతే ఉండాలి, చేతికి పని ఉండాలి. తువ్వాలు దులపడం, గడియారానికి కీ ఇవ్వడం, ఇరానీ చాయ్ సాసరులో పోసుకోవడం, బండి తాళంచెవి తిప్పడం, మొక్కజొన్న పొత్తు వలవడం వరకూ వస్తాయి. కొన్ని అసలు సీను కంటే బాగుంటాయి. నటించి ఫోనులో తీయవచ్చు. ఒకే నియమం: పోలిక చూపించడానికైనా సుద్దముక్కను సిగరెట్‌లా పట్టుకోకూడదు. చేతికి ఆ భంగిమ అలవాటు చేసే పని మనం పెట్టుకోవద్దు. సిగరెట్‌ను గుట్కాతో, ఈ-సిగరెట్‌తో మార్చేవాళ్లు కూడా ఒకరిద్దరు తయారవుతారు. ఈ-సిగరెట్ల అమ్మకం దేశంలో 2019 నుంచే నిషిద్ధమని గుర్తుచేసి, మళ్లీ రాయించండి.

క్లాసులో ఇప్పటికే తాగుతున్న పిల్లవాడు ఉండవచ్చు. అందరి ముందు అతణ్ణి లేపవద్దు, “ఎవరెవరు తాగారో చేతులెత్తండి” అని అడగనే వద్దు. విడిగా మాట్లాడండి. పొగాకు ప్యాకెట్ల మీద ముద్రించే జాతీయ సహాయ నంబరు 1800-11-2356 బోర్డు మూలన ఎప్పుడూ రాసి ఉంచితే, అవసరమైనవాడు ఎవరికీ తెలియకుండా రాసుకుంటాడు. ఆ నంబరు తండ్రుల కోసమని చెప్పండి, పిల్లలు ఇంటికి కూడా తీసుకెళ్తారు.

బడి గేటు సంగతి కూడా చూడండి. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు. ఆ దూరాన్ని పసుపు గీతతో గుర్తించాలని ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి. 100 గజాలంటే దాదాపు 91 మీటర్లు. లెక్కల సారును కలుపుకుని పిల్లలతో టేపు పట్టి కొలిపించండి. గీత లోపల కొట్టు ఉంటే దుకాణదారుతో పోట్లాట పిల్లల చేత చేయించవద్దు, అది ప్రధానోపాధ్యాయుడు గ్రామ పంచాయతీతోనో మున్సిపాలిటీతోనో చూసుకోవాల్సిన పని. గేటు బయట నిలబడి తాగే సహోపాధ్యాయుడు ఎవరైనా ఉంటే, పాఠం మొదలుపెట్టే ముందే ఆయనతో స్నేహంగా ఒక మాట అనండి. పిల్లలు ఆయన పేరెత్తక మానరు.

ప్రతిజ్ఞలు, ర్యాలీలు మీ ఇష్టం. నాకు వాటి మీద పెద్ద ఆశ లేదు. పొగాకు వ్యతిరేక దినం మే 31న వస్తుంది, మన బడులకు అప్పుడు ఎండాకాలం సెలవులు. బ్యానరు పట్టుకోవడానికి పిల్లలే ఉండరు. మీరు జూలైలోనో ఆగస్టులోనో వారానికి ఒక పీరియడ్ చొప్పున నాలుగైదు వారాలు తీసుకోండి. తొమ్మిదో తరగతితో మొదలుపెట్టండి. పదో తరగతి వాళ్లకు అవసరం ఎక్కువే గానీ, సంక్రాంతి దాటాక వాళ్ల పీరియడ్ మీకు ఏ లెక్కల సారూ ఇవ్వడు.